మావయ్య బండి సైలెన్సరు

పోయిన సంచికలో నేను మా ఊరి కొండ గురించి రాస్తానని చెప్పాను. రాయలేదు. దసరా సెలవులన్నీ మావయ్య మోటారు సైకిలు పక్కనే గడిచిపోయాయి. అందుకని దాని సైలెన్సరు గురించే రాస్తున్నాను. మన వార్డెను గారి బండికి కూడా ఇదే జబ్బు మొదలయిందని నా అనుమానం. సారు చదివి కోప్పడకూడదు.

మావయ్యది పాత హీరో హోండా స్ప్లెండరు. ఆ రకం బండి 1994లో బజారులోకి వచ్చింది. మావయ్యది ఏ సంవత్సరానిదో ఆయనకే తెలీదు, మూడు చేతులు మారి మా ఊరు చేరింది. మాది పాడేరు వైపు. ఊరి నించి తారు రోడ్డుకి రెండు కిలోమీటర్లు. 108 వస్తే ఆ రోడ్డు దగ్గరే ఆగుతుంది. అత్తకి నెలలు నిండుతున్నాయి. కాబట్టి ఆ బండి ఏ అర్ధరాత్రి అయినా కదలాలి. కొత్త సైలెన్సరు కొందామంటే పసుపు తవ్వి అమ్మేదాకా చేతిలో డబ్బులుండవు.

సైలెన్సరు మీద మెరుపు పోయి, అమ్మవారు పోసిన ముఖంలాగ గుంటలు పడ్డాయి. నేను పెద్ద మొనగాణ్ణి కదా, ఎమరీ పేపరు తెచ్చి ఒక పూటంతా రుద్దాను. తళతళ మెరిసింది. రెండు రోజులు వాన పడేసరికి ముందుకన్నా ఎర్రగా అయిపోయింది. "ఏట్రా అల్లుడా, బాగుచేశావా పాడుచేశావా?" అన్నాడు మావయ్య.

పాడే చేశాను. అసలు సంగతేమిటంటే, ఆ మెరుపు క్రోమియం పూత. దానికి తుప్పు పట్టదు గానీ అది చాలా పల్చన, మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. దాని కింద నికెలు పూత, ఆ కింద ఇనుము. పూతలో ఎక్కడో సూదిబెజ్జమంత సందు దొరికితే చాలు, నీరు ఇనుము దాకా దిగిపోతుంది. తుప్పుకి ఇనుముకన్నా ఎక్కువ చోటు కావాలి. అందుకని అది ఉబ్బి పూతని కింద నించి పైకి లేపేస్తుంది. మనకి కనపడే గుంట, ఇనుము పోయిన చోటు. ఎంత రుద్దినా పోయిన ఇనుము రాదు. పైగా నేను మిగిలిన మంచి పూతని కూడా గీకేశాను.

రుద్దాలంటే బిర్యానీ పొట్లానికి చుట్టే అల్యూమినియం రేకు మంచిది. దాన్ని నలిపి, నీళ్ళలో ముంచి మెల్లగా రుద్దితే పైతుప్పు పోతుంది. క్రోమియం కన్నా అల్యూమినియం మెత్తన కాబట్టి గీత పడదు. చింతపండు పులుసు కూడా తుప్పుని కరిగిస్తుంది. కానీ వెంటనే కడిగి, పొడిగా తుడవకపోతే బయటపడ్డ ఇనుముకి గంటల్లోనే మళ్ళీ పడుతుంది.

ఇదంతా పైతుప్పు మాట. మావయ్య బండిని తింటున్నది లోపలి తుప్పు. పొద్దున్నే బండి తీస్తే సైలెన్సరు కొసనించి నీళ్ళు కారేవి. పెట్రోల్లో నీళ్ళు కలిపారని మావయ్య బంకు వాణ్ణి తిట్టేవాడు. పాపం, అతని తప్పేం లేదు. పెట్రోల్లో హైడ్రోజను ఉంది. అది కాలితే నీరవుతుంది. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుంది! మన సైన్సు మాస్టారు బోర్డు మీద లెక్క వేసి చూపించేదాకా నేనూ నమ్మలేదు. దూరం వెళ్తే సైలెన్సరు బాగా వేడెక్కి ఆ నీరు ఆవిరిగా పోతుంది. మావయ్య రోజూ వెళ్ళేది రెండే కిలోమీటర్లు. గొట్టం పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తాడు. నీరు లోపలే నిలిచి, తడి నేల పశువుల సాలలో రాత్రంతా నానుతుంది.

దీనికోసమే చాలా సైలెన్సర్లకి అడుగున ఒక చిన్న బెజ్జం పెడతారు, నీళ్ళు పోవటానికి. మావయ్య అది తుప్పు కన్నం అనుకొని స్క్రూ బిగించేశాడు! నేను చెప్తే చాలాసేపు నమ్మలేదు. స్క్రూ తీస్తే ఎర్రనీళ్ళు కారాయి.

గట్టితనం చూడటానికి చల్లారిన గొట్టం మీద స్క్రూడ్రైవరు పిడితో వరసగా కొట్టుకుంటూ వెళ్ళాం. మంచిచోట ఠంగుమంది. అడుగున బురద పేరుకున్న చోట తుస్సుమంది. అక్కడ కొసతో నొక్కితే లోపలికి దిగిపోయింది. ఇంక పూత ఆలోచన మానుకోవాల్సిందే. కన్నం పడితే చప్పుడొక్కటే కాదు, పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. దానికి రంగూ వాసనా లేవు. కన్నం ఉన్నా లేకపోయినా, తలుపులేసిన సాలలో బండి స్టార్టు చేయొద్దని మావయ్యకి గట్టిగా చెప్పాను.

గొట్టం ఊడదీయటానికి ఇంజను దగ్గరి నట్లకి ముందు రాత్రే కిరసనాయిలు పట్టించాం. తొందరపడి బలం చూపిస్తే స్టడ్డు విరిగి ఇంజనులోనే ఉండిపోతుంది. వెల్డింగు షాపులో కుళ్ళిన రేకుని మంచి ఇనుము వచ్చేదాకా కోసి, కొత్త ముక్క అతికారు. పల్చటి తుప్పు రేకు మీదే వెల్డింగు పెడితే కన్నం ఇంకా పెద్దదవుతుందట. అతికే ముక్క జింకు రేకు కాకూడదు, కాలితే ఆ పొగ మంచిది కాదు. బండి మీదే వెల్డింగు చేయించేవాళ్ళు బ్యాటరీ తీగ ముందు తప్పించాలి. పెట్రోలు ట్యాంకు సంగతి చెప్పక్కర్లేదు.

తర్వాత సబ్బునీళ్ళతో కడిగి, ఆరబెట్టి, వేడికి ఆగే నల్లరంగు వేశాం. మామూలు ఎనామిలు మాడి రాలిపోతుంది. రంగు గట్టిపడాలని ఇంజను కాసేపు తిప్పి, చల్లార్చి, మళ్ళీ తిప్పాం.

ఇప్పుడు బండి మెరవదు. మావయ్యకి అదొక్కటే బాధ. అత్త మాత్రం, "మెరిస్తే ఏటి, మోస్తే చాలు" అంది. మావయ్య వారానికి ఒకసారైనా పాడేరు దాకా నడిపి గొట్టం బాగా వేడెక్కనిస్తున్నాడట. ఆదివారం ఫోన్లో చెప్పాడు.

వార్డెను గారి బండి అడుగు కూడా ఆదివారమే వంగి చూశాను. బెజ్జం బురదతో మూసుకుపోయి ఉంది. సారు ఒప్పుకుంటే సైకిలు పుల్లతో రెండు నిమిషాల్లో తీసేస్తాను.

– 10వ తరగతి విద్యార్థి