ఇంటి మూలను స్నానపుతొట్టి: స్థలనిర్ణయము

ఇల్లు కట్టబూనువారు వంటయింటిని గుఱించియు, పడకటింటిని గుఱించియు పలుమాఱు ఆలోచింతురు. స్నానపు గదిని మాత్రము, అన్నియు కుదిరిన పిదప మిగిలిన చోటున ఇఱికింతురు. కాని నీరును, వేడియు, విద్యుచ్ఛక్తియు, జాఱెడి నేలయు ఒక్కచోట కూడుకొనునది ఆ గదియే. పసివాడు మొదలు ముదుసలి వఱకు ఇంటివారందఱును ఒంటిగా ప్రవేశించి తలుపు బిగించుకొనునదియు ఆ గదియే. కావున దానిని గుఱించి ముందుగా ఆలోచింపకుండుట పొరపాటు. ఆ ఆలోచన యెట్లు సాగవలెనో, నేడు పలువురు కోరుచున్న మూలతొట్టిని ఉదాహరణముగా గైకొని యిచట వివరించెదము.

మన కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల పాత యిండ్లలో స్నానమునకు వేఱు గది యుండుట అరుదు. పెరటిలో నొక మూలను నాలుగు బండలు పఱచి, చుట్టును తడక కట్టి, ప్రక్కను నీళ్లగోలెము నిలిపి, దానిని జాలారు అనెడివారు. పొయ్యిమీది కాగులో నీరు కాగుచుండెడిది. తడకచాటు చాలక స్త్రీలు తెల్లవాఱకమునుపే స్నానము ముగించుకొనవలసి వచ్చెడిది. వానకాలమున బురద, ఆదిలాబాదు చలికాలమున వణకు వారికి తప్పెడివి కావు. కాబట్టి నాలుగు గోడలును తలుపును గల స్నానపు గది విలాసము కాదు. అది గౌరవమునకును ఆరోగ్యమునకును సంబంధించినది.

ఈ విషయమున మన పూర్వులు ఏమియు నెఱుగనివారు కారు. నేటి పెద్దపల్లి జిల్లాలో, అనగా పూర్వపు కరీంనగరు జిల్లాలో, పెద్దబంకూరు అను గ్రామము కలదు. అచట జరిపిన త్రవ్వకములలో శాతవాహనుల కాలపు కట్టడములు బయల్పడినవి. కాల్చిన యిటుకలతో కట్టిన 22 బావులును, మురుగునీటిని భూమిలోపలి మూతకాలువల ద్వారా ఇంకుడుగుంతలకు కొనిపోవు ఏర్పాటును అందు కనబడినవి. ఆ బావులు క్రీ.శ. 2వ శతాబ్దికి చెందినవని పండితులు నిర్ణయించిరి. నీరు వచ్చు దారినే గాక, వాడిన నీరు పోవు దారిని కూడ వారు ఆలోచించిరన్నమాట. స్నానపు గది నిర్మాణమున మొదటి పాఠమిదియే.

ఇక నేటి సంగతి. కరీంనగరు, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల ప్రాంతములనుండి వేలమంది దుబాయి, మస్కటు మొదలగు గల్ఫు నగరములకు పనికి పోవుచున్నారు. వారు అచట ఎండలో చెమటోడ్చి పంపిన సొమ్ముతో ఇచట క్రొత్త యిండ్లు లేచుచున్నవి. అట్టి యింటికి అంగడిలో చూచిన మూలతొట్టి కావలెనని కోరుట తప్పు కాదు. కాని అది వేసిన పిదప తలుపు తెఱచుకొనక, నీరు చాలక, తొట్టి బట్టలు నానబెట్టు గోలెమయినచో ఆ కష్టార్జితము వ్యర్థమగును. కాబట్టి తొట్టిని కొనుటకు ముందు కొలత, బరువు, నీరు, భద్రత అను నాలుగింటిని విచారింపవలెను.

మొదటిది కొలత. మూలతొట్టికి రెండు ప్రక్కలు గోడల కానుకొని యుండును. ముందుభాగము విల్లువలె వంగి యుండును. గోడవెంబడి దాని ప్రక్క సాధారణముగా 4 మొదలు 5 అడుగుల వఱకు నుండును. మూలను ఇముడును గనుక చోటు కలిసివచ్చునని పలువురు తలంతురు. లెక్క వేసి చూతము. 4 1/2 అడుగుల ప్రక్క గల తొట్టిని వృత్తమున నాల్గవ భాగముగా నెంచినచో దాని వైశాల్యము దాదాపు 16 చదరపు అడుగులు. 5 1/2 అడుగుల పొడవు, 2 1/2 అడుగుల వెడల్పు గల నిలువుతొట్టి 14 చదరపు అడుగులు మించదు. కాబట్టి మూలతొట్టి చోటు మిగుల్చునన్నది భ్రమ. అది చోటును వేఱొక రీతిగా వాడుకొనును, అంతియే.

భారత జాతీయ భవననిర్మాణ నియమావళి ప్రకారము స్నానపు గదికి కనీసము 1.8 చదరపు మీటర్లును, మరుగుదొడ్డి కూడ కలిసియున్నచో 2.8 చదరపు మీటర్లును ఉండవలెను. రెండవది సుమారు 30 చదరపు అడుగులు. వెడల్పు 1.2 మీటరునకు, అనగా 4 అడుగులకు తగ్గరాదు. ఇది కనీసపు కొలతయేగాని తొట్టికి సరిపడు కొలత కాదు. మన యిండ్లలో విరివిగా కనబడు 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు గల గదిలో 4 1/2 అడుగుల మూలతొట్టి నుంచితిమనుకొనుడు. ఒక ప్రక్క అర అడుగు సందు మిగులును. అది చీపురు పెట్టుటకు కూడ చాలదు. రెండవ ప్రక్క 2 1/2 అడుగుల పట్టె మిగులును. అందు కమోడు నుంచినచో తలుపు లోనికి తెఱచుకొనదు. మనిషి నిలిచి ఒడలు తుడుచుకొనుటకును వీలుండదు. అదే గది 7 అడుగులు, 8 అడుగులు అయినచో తొట్టికి ఒక మూలను, కమోడునకు ఒక ప్రక్కను, చేతులు కడుగు పళ్లెమునకు మఱియొక ప్రక్కను చోటు కుదిరి, తొట్టిముందు కనీసము 2 అడుగులు ఖాళీ యుండును.

కాగితముపై గీసిన పటము అందఱికిని అర్థము కాదు. దీనికి మన యిండ్లలోనే సులభమైన సాధనము కలదు. వాకిట అలికిన నేలపై ముగ్గుతో గది కొలతను గీయుడు. అందు తొట్టి, కమోడు, తలుపు తిరుగు వంపు వేఱువేఱుగా వేయుడు. పిదప ఇంటి పెద్దలను ఆ గీతల నడుమ నడిపించుడు. ముగ్గు త్రొక్కక తిరుగగలిగిన యెడల గది చాలినట్లు. త్రొక్కిన యెడల గీత మార్చుటకు చిటికెడు ముగ్గు చాలును. కట్టిన గోడను మార్చుటకు మేస్త్రి కూలి, ఇటుక, సిమెంటు అన్నియు కావలెను.

రెండవది బరువు. ఒక లీటరు నీరు ఒక కిలో బరువు. తొట్టిలో 250 లీటర్ల నీరు, 70 కిలోల మనిషి, 50 కిలోల తొట్టి కలిసి 370 కిలోలు. ఇది 16 చదరపు అడుగులపై, అనగా దాదాపు ఒకటిన్నర చదరపు మీటరుపై నిలుచును. చదరపు మీటరునకు సుమారు 250 కిలోలు పడినట్లు. నివాసగృహముల స్లాబును సాధారణముగా చదరపు మీటరునకు 200 కిలోల వాడుకభారమునకు లెక్కించి కట్టుదురు. కావున మేడమీద తొట్టి పెట్టదలచువారు స్లాబు పోయకమునుపే ఇంజనీరునకు తెలుపవలెను.

మూడవది నీరు. మిషన్ భగీరథ పథకమున మనిషికి దినమునకు గ్రామములలో 100, పురపాలక సంఘములలో 135, నగరపాలక సంస్థలలో 150 లీటర్ల చొప్పున నీరందించుట లక్ష్యముగా పెట్టుకొనిరి. తొట్టిలో నొక్క స్నానమునకు 250 లీటర్లు పోవును. రెండు బకెట్ల స్నానమునకు 30 మొదలు 40 లీటర్లు చాలును. అనగా ఒక్క తొట్టి నీటితో ఆఱుగురు సుఖముగా స్నానము చేయవచ్చును. వేడి సంగతి చూడుడు. చలికాలపు ఉదయమున 20 డిగ్రీల నీటిని 40 డిగ్రీలకు తెచ్చుటకు, 250 లీటర్లకు దాదాపు 6 యూనిట్ల కరెంటు కావలెను. 25 లీటర్ల గీజరులో 60 డిగ్రీలకు కాగిన నీటిని చన్నీటితో కలిపినచో గోరువెచ్చని నీరు 50 లీటర్లే యగును. తొట్టిలో అయిదవ పాలు మాత్రమే నిండును.

వచ్చిన నీరు పోవలెను గదా! నేల అడుగునకు పావు అంగుళము చొప్పున జాలువైపు వాలియుండవలెను. తొట్టిక్రింది గొట్టమును బాగుచేయుటకు ముందుభాగమున విప్పుకొను పలక నుంచవలెను. లేనియెడల చిన్న కాఱుటకు తొట్టినంతయు పెకలింపవలసి వచ్చును. ముఱికికాలువ లేని పల్లెలో నీటిని వీథిలోనికి వదలక, బావికి దూరముగా త్రవ్విన ఇంకుడుగుంతకు మరల్పవలెను.

నాల్గవది భద్రత. అన్నిటికంటె ముఖ్యమైనది ఇదియే. తొట్టి అంచు నేలకంటె ఎత్తుగా నుండును. తడికాలితో దానిని దాటుట వృద్ధులకు మిక్కిలి ప్రమాదకరము. ఒక్కసారి జాఱి తుంటియెముక విఱిగినచో, మునుపు తిరుగాడిన అవ్వ మరల లేచి నడచుట కష్టమగును. కాబట్టి గోడకు నేలనుండి 33 మొదలు 36 అంగుళముల ఎత్తున గట్టి పట్టుకమ్మి బిగింపవలెను. నున్నని పలకలు విడిచి, గరుకైన తాండూరు బండలు గాని షాబాదు బండలు గాని పఱవవలెను. తలుపు వెలుపలికి తెఱచుకొనవలెను. లోపల పడినవారు తలుపున కడ్డముగా నుండినను బయటివారు తెఱవగలుగుదురు. మీటలు తడిచేతికి అందని చోట నుండవలెను. గ్యాసు గీజరును, దాని సిలిండరును గదిలోపల ఎన్నటికిని ఉంచరాదు. గాలి చాలనిచో పుట్టు కార్బన్ మోనాక్సైడు అను వాయువునకు రంగు లేదు, వాసన లేదు. తలుపు వేసికొన్న మనిషి తెలియకయే స్పృహ దప్పి మరణించును. గాలికై కిటికీ తప్పక యుండవలెను. చిన్నపిల్లలను నీరున్న తొట్టియొద్ద క్షణమైనను ఒంటిగా విడువరాదు. జానెడు నీరైనను వారి ప్రాణమునకు చాలును.

ఇవన్నియు విచారించిన పిదప చోటును, నీరును, సొమ్మును గలవారు మూలతొట్టిని నిశ్చింతగా పెట్టుకొనవచ్చును. కొన్ని నొప్పులు గలవారికి వెచ్చని నీటిలో మునిగియుండుట హాయినిచ్చునన్న మాట నిజమే. చోటు చాలనివారు విచారింప బనిలేదు. అదే మూలను 3 1/2 అడుగుల చదరము స్నానమునకు కేటాయించి, గోడమూలను 18 అంగుళముల ఎత్తున నొక బండతిన్నె కట్టి, ప్రక్కను వేడినీటి నల్లాయు, చన్నీటి నల్లాయు, పట్టుకమ్మియు అమర్చినచో ఇంటివారందఱికిని ఒదుగును. అవ్వ తిన్నెపై కూర్చుండి చెంబుతో నీరు పోసికొనును. తల్లి బిడ్డకు నలుగు పెట్టును. ఇది మన పాత జాలారే; గోడలును, తలుపును, వెలుతురును దానికి వచ్చి చేరినవి.

విద్యార్థులారా! ఈ సెలవులలో మీ యింటి స్నానపు గదిని కొలచి చూడుడు. తలుపు ఎటు తెఱచుకొనుచున్నది? నీరు ఎటు పోవుచున్నది? మీ అవ్వ లేచునపుడు చేయి దేనిపై నానించుచున్నది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వ్రాసికొని మీ తల్లిదండ్రులకు చూపుడు. చేయి ఆనించుటకు ఏమియు లేదని తేలినచో క్రొత్త యింటికై వేచియుండవలదు. ఒక పట్టుకమ్మిని బిగించుట ఒక్కపూట పని.