కూచిపూడి: ఆటయు, మాటయు

మన పాఠశాల బాలికలలో అనేకులు సాయంకాలము నాట్యము నేర్చుకొనుచున్నారు. సంతోషింపదగిన విషయము. కాని ఈమధ్య కొందరు తల్లిదండ్రులు మమ్ము కలిసికొని, "అమ్మాయి కూచిపూడి నేర్చుకొనుచున్నది గదా, మన సంస్కృతి దానివలననే అబ్బును, తెలుగు తరగతి గంటను నాట్యాభ్యాసమునకు వదలిపెట్టిన బాగుండును" అని కోరుచున్నారు. వారి ఉద్దేశము మంచిదే. అయినను కూచిపూడి యెట్టిదో తెలిసిన పిమ్మట ఈ కోరిక నిలువదని మా అభిప్రాయము. కావున ఆ నాట్యమును గూర్చి కొంత విన్నవించుచున్నాము.

కూచిపూడి కృష్ణా జిల్లాలో మొవ్వకు సమీపముననున్న గ్రామము. అచ్చటి భాగవతులు మేళములుగా ఊరూర తిరిగి ప్రదర్శించినది కేవలము నృత్యము కాదు, నాటకము. మన పెద్దలు అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా చెప్పిరి. నేడు మనము సభలలో చూచు ఏకపాత్ర నృత్యములో వాచికము చాలవరకు ప్రక్కన కూర్చున్న గాయకుని పాలయినది. భాగవతుల ఆటలోనో, పాత్రధారి తానే దరువు పాడును, తానే సంభాషించును. సూత్రధారుడు నడుమ ప్రశ్నలు వేయును. విజయనగర ప్రభువు ఎదుట భాగవతులు ఒక ఆటలో, సంబెట గురవరాజు పన్నుల కొరకు స్త్రీలను పెట్టు హింసను చూపగా, ప్రభువు అతనిని శిక్షించెనని మాచుపల్లి కైఫీయత్తు చెప్పుచున్నది. ప్రజల మొర రాజునకు తెలియుటకు ఆట ఒక్కటియే చాలునా? మాటయు కావలసి యుండును గదా.

సిద్ధేంద్రయోగి రచనగా ప్రసిద్ధమైన భామాకలాపము ఇందుకు మంచి నిదర్శనము. సత్యభామ తెర వెనుకనుండి తన జడను తెరమీదుగా వ్రేలాడవేసి ప్రవేశించును. విద్యలో తన్ను మించినవారున్న రండని పండితులకు అది సవాలు. పిమ్మట ప్రవేశ దరువులో తానెవరో తానే చెప్పుకొనును. అటుపై మాధవితో సంవాదము నడచును. విరహముతో వేగుచున్న భామను "నీ భర్త పేరేమి?" అని మాధవి అడుగును. పెనిమిటి పేరు పలుకుట ఇల్లాలికి మర్యాద కాదు. ఆమె సిగ్గుపడును, సైగ చేయును, డొంకతిరుగుడుగా చెప్పును. మాధవి అర్థము కానట్లు నటించి మరల అడుగును. ఇందలి హాస్యమంతయు మాటలలోనే కలదు. మన ఇండ్లలో అమ్మమ్మలు నేటికిని "ఆయన", "వారు" అనుటయే గాని పేరెత్తరు. ఆ మాటల సొగసు ఎరుగని బాలిక ముఖమున సిగ్గును చూపగలదు గాని, ఆ సిగ్గు ఎందులకో ఎరుగదు.

ఈ కళ వందల యేండ్లు పురుషుల చేతిలోనే యుండెను. కూచిపూడి కుటుంబములలో పుట్టిన ప్రతి పురుషుడును ఒక్కసారియైనను సత్యభామ వేషము కట్టవలెనని నియమము. వేదాంతం సత్యనారాయణశర్మగారు ఆ వేషమున పొందిన కీర్తి పెద్దలెరిగినదే. 1970లో వారికి పద్మశ్రీ లభించెను. స్త్రీలకు నేర్పుటకు పూనుకొన్నవారిలో వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు ముఖ్యులు. 1963లో వెంపటి చినసత్యంగారు మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించిన పిమ్మట బాలికలు విరివిగా ఈ నాట్యమునకు వచ్చిరి. మన బెంగళూరులో కోరాడ నరసింహారావుగారు స్థిరపడిరి. శంకరాభరణము చిత్రమున నటించిన మంజుభార్గవిగారును ఇచ్చట నేర్పిరి.

బెంగళూరునకు ఇది పరాయి సొమ్మని ఎవరును తలపవలదు. ఈ నగరమును 1537లో నిర్మించిన కెంపేగౌడ కన్నడిగుడైనను, గంగాగౌరీ విలాసమను తెలుగు యక్షగానమును రచించెనని ప్రతీతి. మన పొరుగున కన్నడ యక్షగానములోను పాత్రధారులు ఆశువుగా సంభాషింతురు. ఆ మాటల కొరకే రాత్రంతయు మేలుకొని వినువారు కలరు. తంజావూరు సమీపముననున్న మెలట్టూరు సంగతి మరింత గమనింపదగినది. అచ్చట వేంకటరామశాస్త్రిగారు రచించిన ప్రహ్లాద చరిత్రము మొదలగు తెలుగు భాగవతమేళ నాటకములను ఏటేట నరసింహ జయంతి దినములలో ఆడుచున్నారు. ఆడువారిలో పెక్కండ్ర ఇంటిభాష తమిళము. వారు ఆట కొరకు తెలుగు మాటలు కంఠస్థము చేయుచుండగా, ఇంట తెలుగు పలుకు మనము ఆట కొరకు తెలుగు మానిపింతుమనుట విడ్డూరముగా లేదా!

మన బాలికల నాట్యపు పుస్తకములు కొన్ని మేము చూచితిమి. పాటలన్నియు ఇంగ్లీషు అక్షరములతో వ్రాసికొన్నారు. ఆ అక్షరములలో కల, కాల, కళ అను మూడును ఒక్క తీరుగనే కనబడును. ఏది పాడవలెనో పిల్ల యెట్లు తెలిసికొనును? దీర్ఘము పోయినచో తాళమును తప్పును. తాళము తప్పిన అడుగు నిలువదు. నాట్యగురువులు ఇందులకై పడు శ్రమ ఇంతింత కాదు.

కావున ఈ సంవత్సరమునుండి ఒక ఏర్పాటు చేసితిమి. నాట్యము నేర్చు పిల్లలు తాము ఆడు పాటను తెలుగు లిపిలో వ్రాసి తెలుగు తరగతికి తేవలెను. ఉపాధ్యాయురాలు పదము పదమునకు అర్థము చెప్పి, ఆ పిల్లచేతనే చదివించును. గంట వేరుగా పోదు, అభ్యాసమునకు లోటు రాదు. తల్లిదండ్రులు ఇంట వారమునకొకసారి ఆ పాటను పిల్లచేత బిగ్గరగా చదివించిన చాలును. తెలుగు చదువ రానివారు ప్రక్కన కూర్చుండి విన్నను మేలే. భామాకలాపము ప్రతి కావలసినవారు శనివారము మధ్యాహ్నము మా గదికి వచ్చి తీసికొనిపోవచ్చును.