మలుపు దగ్గర మనిషిని నిలిపే ఆదివారం ప్రయాణం

తెనాలి: ఆదివారం ఉదయం ఏడు గంటలు. ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగర శివార్లలో ఒక పెట్రోలు బంకు. పద్నాలుగు మోటారు సైకిళ్లు వరుసగా నిలిచి ఉంటాయి. పంజాబీలు, మలయాళీలు, గ్రీకులు, ఆ దేశంలోనే పుట్టి పెరిగినవారు టీ తాగుతూ నిలబడి ఉంటారు. వారి మధ్యన మనవాడొకరు. తెనాలికి కూతవేటు దూరంలోని ఒక మాగాణి గ్రామం నుంచి 2016లో భార్య, ఇద్దరు పిల్లలతో వెళ్లి అక్కడ స్థిరపడ్డారు. సంక్రాంతికి స్వగ్రామం వచ్చిన ఆయన తన ఆదివారం ప్రయాణాల గురించి ఈ విలేకరితో ముచ్చటించారు. పేరు మాత్రం వేయవద్దని కోరారు. అందుకు కారణం ఉంది.

ఆయన తమ్ముడు 2009లో మోటారు సైకిలు ప్రమాదంలోనే మరణించాడు. తిరునాళ్లకు మూడు బండ్ల మీద వెళ్లిన కుర్రాళ్లు రాత్రి తిరిగి వస్తున్నారు. చివరి బండి మీద తమ్ముడు ఒక్కడే ఉన్నాడు. కాలువ కట్ట మలుపులో బండి జారింది. తలకు హెల్మెట్ లేదు. ముందు వెళ్లినవారు వెనక్కి చూడలేదు. అతడు ఇంటికి చేరి ఉంటాడని ఎవరి ఇంటికి వారు వెళ్లి పడుకున్నారు. తెల్లవారాక పాలు పోయడానికి వెళ్లే రైతు చూసేవరకు ఆ పిల్లవాడు గట్టు పక్కనే పడి ఉన్నాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఎవరూ బండి ఎక్కరాదని తల్లి ఒట్టు పెట్టించుకుంది. తండ్రి రాజ్‌దూత్‌ను సైతం అమ్మేశారు.

పరాయి దేశం వెళ్లిన మొదటి రెండేళ్లు చాలా కష్టంగా గడిచాయని ఆయన చెప్పారు. ఉద్యోగం, ఇల్లు, పిల్లల బడి తప్ప మరో లోకం లేదు. పక్కింటివారితో పలకరింపు చేయి ఊపడంతో సరి. ఆదివారం వస్తే ఊరు గుర్తుకొచ్చి తోచేది కాదు. పనిచేసే చోట పరిచయమైన ఒక పంజాబీ పెద్దాయన తమ జట్టుతో రమ్మని పిలిచారు. ఇంట్లో ఇల్లాలు ససేమిరా అన్నారు. నెల రోజులు వాదన జరిగింది. చివరకు మూడు షరతుల మీద ఒప్పుకున్నారు. పద్ధతి ప్రకారం లైసెన్సు తీసుకోవాలి, చీకటి పడేలోగా ఇల్లు చేరాలి, అత్తగారికి తనే స్వయంగా చెప్పుకోవాలి. మొదటి రెండూ నెరవేరాయి. మూడోది చాలాకాలం వాయిదా పడింది.

అక్కడ కారు లైసెన్సు ఉన్నా మోటారు సైకిలుకు వేరుగా శిక్షణ పొంది పరీక్ష నెగ్గాలి. నేర్చుకునే దశలో మెరిసే కోటు తొడగాలి, వెనుక మనిషిని ఎక్కించుకోరాదు. ఎనిమిదేళ్లు నిండని పిల్లలను వెనుక కూర్చోబెట్టరాదు. మెల్బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో 1961 నుంచే హెల్మెట్ తప్పనిసరి. మనలాగే అక్కడా ఎడమ వైపునే నడపాలి. మనవాడు కొన్నది కూడా మన మద్రాసులో తయారైన బుల్లెట్టే.

ఈ జట్టు తరచు వెళ్లేది గ్రేట్ ఓషన్ రోడ్డుకు. టార్కే పట్టణం నుంచి అలన్స్‌ఫోర్డ్ వరకు సుమారు 240 కిలోమీటర్ల పొడవున సముద్రాన్ని ఆనుకొని సాగే ఈ రోడ్డును మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికులు పారలు, గునపాలతో తవ్వారు. 1919లో మొదలైన పని 1932లో ముగిసింది. యుద్ధంలో మరణించిన తోటి సైనికుల జ్ఞాపకార్థం వేసిన రోడ్డు అది. ఒకవైపు కొండ, మరోవైపు అలలు. మలుపు తర్వాత మలుపు.

జట్టుగా నడపడానికి ఒక కట్టుబాటు ఉంది. ముందు నడిపే నాయకుడొకరు, అందరికన్నా చివర కాపు కాసేవాడొకరు. ఈ ఇద్దరూ మారరు. పక్కపక్కన కాక, ఒకరు కుడికి ఒకరు ఎడమకు ఎడంగా నడుపుతారు. రోడ్డు చీలిన ప్రతిచోటా నాయకుడి వెనకనున్నవాడు ఆగిపోతాడు. మిగిలినవారికి దారి చూపుతూ, చివరివాడు కనిపించేదాకా కదలడు. అందువల్ల నిదానంగా నడిపేవాడు తొందరపడనవసరం లేదు. దారి తప్పుతానన్న భయం లేదు.

ఆ కట్టుబాటు విలువ తనకు ఒక జూన్ నెలలో తెలిసిందని ఆయన చెప్పారు. జూన్ అంటే అక్కడ చలికాలం. అపోలో బే దాటాక రోడ్డు సముద్రాన్ని వదిలి ఓట్వే అడవుల్లోకి ఎక్కుతుంది. ఆకాశాన్నంటే జామాయిలు జాతి చెట్లు, వాన, పొగమంచు. మనవాడు బాగా వెనకబడ్డారు. ఫోనుకు సిగ్నల్ అందలేదు. లావర్స్ హిల్ దగ్గర రోడ్డు చీలుతుంది. ఒకటి కొలాక్ వైపు, మరొకటి పోర్ట్ క్యాంప్‌బెల్ వైపు. ఎటు వెళ్లాలోనని బెంగపడుతూ వెళ్లేసరికి, వానలో తడుస్తూ గ్రీకు మిత్రుడు నిలబడి ఉన్నాడు. ఎంతసేపైందని అడిగితే, లెక్క చూడలేదు, నువ్వు రావాలిగా అన్నాడట.

"బండి ఆపి అక్కడే ఏడ్చేశాను. ఆ రాత్రి కాలువ కట్ట మలుపులో ఇలా ఒక్కడు ఆగి ఉంటే మా తమ్ముడు బతికేవాడేమో" అని ఆయన గద్గద స్వరంతో అన్నారు. ఆ సాయంత్రమే తల్లికి ఫోను చేసి అంతా చెప్పారు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "నీ వెనకాల ఎవరుంటారు నాయనా?" అని మాత్రం అడిగింది.

ఈ సంక్రాంతికి వచ్చినప్పుడు కుర్రాళ్లు ఒక బండి మీద ముగ్గురేసి, హెల్మెట్ హ్యాండిలుకు తగిలించి తిరగడం ఆయన చూశారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ముగ్గురు ఎక్కరాదని, హెల్మెట్ పెట్టుకోవాలని చెబుతోంది. 2019 సవరణతో హెల్మెట్ లేకుంటే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు. జరిమానా మాట ఎత్తితే కుర్రాళ్లు నవ్వారట. తమ్ముడి మాట చెప్పాక ఎవరూ నవ్వలేదు. శివరాత్రికి కోటప్పకొండ ప్రభల తిరునాళ్లకు వెళ్లాలనుకుంటున్న వారికి ఆయన రామాలయం దగ్గర మట్టిలో గీతలు గీసి ఆ పద్ధతి నేర్పారు. ఖర్చు లేదు. కావలసిందల్లా వెనకవాడి కోసం ఆగే ఓపిక.

ఆయన మెల్బోర్న్ తిరిగి వెళ్లిపోయారు. శివరాత్రికి ఆ గ్రామం నుంచి ఆరు బండ్లు కోటప్పకొండ వెళ్లాయి. ప్రతి మలుపులోనూ ఒకరు ఆగారు. తిరిగి వచ్చే సమయానికి ఆ తల్లి వీధి అరుగు మీద కూర్చుని ఉంది. ఒకటి, రెండు అని వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ఆరో బండి దీపం కనిపించాకే లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.