దృశ్యకాంతితో కార్బన్ డయాక్సైడ్ మార్పిడి: సూక్ష్మరంధ్ర కర్బన ఉత్ప్రేరకాలు

పైరు ఆకు సూర్యకాంతి సాయంతో గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పిండిపదార్థంగా మారుస్తుంది. ఆకు ప్రమేయం లేకుండా ఈ వాయువును ఉపయోగకరమైన పదార్థాలుగా మార్చే ప్రయత్నం నాలుగు దశాబ్దాలకు పైగా సాగుతోంది. 1979లో జపాన్ శాస్త్రవేత్తలు ఇనౌయె, ఫుజిషిమా, కోనిషి, హోండా అర్ధవాహక పొడులను నీటిలో కలిపి కాంతిని ప్రసరింపజేసి ఫార్మిక్ ఆమ్లం, మిథనాల్ వంటివి ఏర్పడుతున్నట్లు చూపారు. అయితే ఈ పొడులలో ముఖ్యమైన టైటానియం డయాక్సైడ్ అతినీలలోహిత కిరణాలనే గ్రహిస్తుంది. భూమిని చేరే సౌరశక్తిలో వీటి వాటా సుమారు 5 శాతం మాత్రమే. దృశ్యకాంతి వాటా 40 శాతానికి పైబడి ఉంటుంది. అందువల్ల దృశ్యకాంతిని గ్రహించే కర్బన పదార్థాలపై దృష్టి మళ్లింది.

యూరియా నుంచి ఉత్ప్రేరకం

మూత పెట్టిన మూసలో యూరియాను సుమారు 550 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడిచేస్తే కార్బన్ నైట్రైడ్ అనే పసుపు పొడి మిగులుతుంది. వేడికి వెలువడే వాయువులే అందులో రంధ్రాలను ఏర్పరుస్తాయి. ఇది సుమారు 460 నానోమీటర్ల వరకు గల కాంతిని, అంటే నీలికాంతిని కూడా గ్రహిస్తుంది.

రెండవ వర్గం సమయోజనీయ కర్బన చట్రాలు. వీటిని 2005లో ఒమర్ యాఘీ బృందం తొలిసారి ప్రకటించింది. వాటిలో ఒకదాని రంధ్రాల వ్యాసం 2.7 నానోమీటర్లు, ఒక గ్రాము పదార్థపు ఉపరితల వైశాల్యం 1,590 చదరపు మీటర్లు. చట్రంలోని అణువులను మార్చి, అది గ్రహించే కాంతిని, రంధ్రాల పరిమాణాన్ని అవసరానికి తగినట్లు నిర్దేశించవచ్చు.

పనిచేసే విధానం

కాంతి సోకగానే ఉత్ప్రేరకంలో ఎలక్ట్రాన్ ఉత్తేజితమై, దాని స్థానంలో ధనావేశపు ఖాళీ ఏర్పడుతుంది. ఈ రెండూ తిరిగి కలిసిపోకముందే ఎలక్ట్రాన్ ఉపరితలానికి చేరాలి. రంధ్రాల గోడలు పలుచగా ఉండటం వల్ల ఆ దూరం తగ్గుతుంది. గోడలపై ఉండే నత్రజని సమూహాలు కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి ఉంచుతాయి. ఒక అణువు కార్బన్ మోనాక్సైడ్‌గా మారడానికి 2, మిథనాల్‌గా మారడానికి 6, మీథేన్‌గా మారడానికి 8 ఎలక్ట్రాన్లు అవసరం. అందుకే ఎక్కువ ప్రయోగాలలో కార్బన్ మోనాక్సైడే ప్రధానంగా లభిస్తుంది.

ఫలితాలను పరిశీలించే తీరు

ఇటువంటి నివేదికలను చదివేటప్పుడు మూడు అంశాలను తప్పక గమనించాలి.

1. ఎలక్ట్రాన్ల మూలం: ఆకు నీటి నుంచి ఎలక్ట్రాన్లను తీసుకుంటుంది. అనేక ప్రయోగాలలో మాత్రం ట్రైఇథనోలమైన్ వంటి రసాయనం వాటిని సమకూర్చి తాను ఖర్చవుతుంది. ఇది కిరణజన్య సంయోగక్రియకు సాటి కాదు.

2. కార్బన్ మూలం: ఉత్ప్రేరకం కూడా కర్బన పదార్థమే కనుక, అది విచ్ఛిన్నమైనా కార్బన్ మోనాక్సైడ్ వెలువడవచ్చు. కార్బన్-13 ఐసోటోపు గల కార్బన్ డయాక్సైడ్‌తో నిర్ధారించని ఫలితాన్ని నమ్మదగినదిగా పరిగణించరాదు.

3. పరిమాణం: దిగుబడిని సాధారణంగా గ్రాము ఉత్ప్రేరకానికి గంటకు మైక్రోమోల్‌లలో తెలుపుతారు. పైగా ప్రయోగశాలలో వాడేది ఎక్కువగా శుద్ధమైన వాయువు. గాలిలో ఉండేది సుమారు 0.04 శాతమే.

ఈ ఉత్ప్రేరకాలు నేడు పొలానికి అందివచ్చిన సాంకేతికత కావు. వీటిని ఆ విధంగా రైతుకు పరిచయం చేయడం తొందరపాటు అవుతుంది. నీటినే ఎలక్ట్రాన్ల మూలంగా వాడుకొని, ఎండలో దీర్ఘకాలం క్షీణించకుండా పనిచేసే చట్రం రూపొందిన నాడు మాత్రమే దీనిని ఆకుతో పోల్చడం సమంజసం.