వృద్ధాశ్రమంలో చేర్చే ముందు

ఇంట్లో చూసుకొనేవారు లేక పెద్దవారిని వృద్ధాశ్రమంలో చేర్చవలసి వస్తే, భవనం చూసి నిర్ణయించకండి. భోజన వేళ ఒకసారి, రాత్రి ఒకసారి వెళ్ళి ఈ సంగతులు గమనించండి.

- మంచం పట్టినవారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పుతున్నారా? నడుము క్రింద, మడమల మీద చర్మం ఎర్రబడినా, నల్లబడినా అది బెడ్ సోర్‌కు మొదటి గుర్తు.
- మందులు ఎవరు ఇస్తున్నారు? ఇచ్చిన వేళ వ్రాసి ఉంచుతున్నారా?
- స్నానాల గదిలో పట్టుకొనే కడ్డీ, రాత్రి దీపం ఉన్నాయా?
- రాత్రి నర్సు ఉంటారా? జబ్బు చేస్తే ఏ ఆసుపత్రికి తీసుకువెళతారు?

చేర్చిన తరువాత కూడా తరచుగా వెళ్ళండి. బరువు తగ్గినా, ఒంటిపై కమిలిన గాయాలున్నా, మాట్లాడటానికి భయపడుతున్నా ఊరుకోకండి. వృద్ధుల సహాయవాణి 14567కు ఫోన్ చేయండి. తల్లిదండ్రులను సన్మానించమన్న దేవుని ఆజ్ఞ ఆశ్రమంలో చేర్చిన తరువాత కూడా మనపై ఉంటుంది.