కొండ లేని ఊళ్లో కొండల బొమ్మ

కైకలూరు దాటి కొల్లేటి లంక ఊళ్లలో ఏ బడికైనా వెళ్లండి. పిల్లలకు తలో తెల్లకాగితం ఇచ్చి, ‘మీకిష్టమైన బొమ్మ వేయండర్రా’ అనండి. పది నిమిషాల్లో దాదాపు అందరూ ఒకే బొమ్మ తెచ్చిస్తారు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కొండల్లోంచి వంకర తిరుగుతూ వచ్చే ఏరు, పక్కన ఓ ఇల్లు, దాని మీదికి వాలిన కొబ్బరిచెట్టు.

ఆ ఊళ్ల నుంచి ఎటు చూసినా కొండ కనపడదు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పళ్లెంలా పరుచుకున్న నేల అది. అక్కడ పొద్దు నీళ్లలోంచి పొడుస్తుంది, చేపల చెరువు గట్టు వెనకాల కుంగుతుంది. తాటిదోనె, వల, గుర్రపుడెక్క, శీతాకాలం వచ్చిందంటే ఆటపాక నిండా గూడబాతులు... ఇన్ని కళ్లెదుట పెట్టుకుని పిల్లలు ఎన్నడూ చూడని కొండలు గీస్తున్నారు. ఎందుకంటే ‘సీనరీ’ అంటే అదేనని ఎవరో ఒకసారి బోర్డు మీద గీసి చూపించారు.

నేను చూసిన ఒక పిల్ల మాత్రం కొండలు వేయలేదు. నాలుగో తరగతి. కాగితాన్ని అడ్డంగా తిప్పుకుని, ఈ చివర నుంచి ఆ చివరకు స్కేలు లేకుండా ఒక గీత లాగింది. ‘నీళ్లండి’ అంది. గీత మీద గూడబాతు. ఒంటి కంటే ముక్కే పెద్దది. ముక్కు కింద సంచి, సంచిలో చేప, ఆ చేప కడుపులో ఇంకో బుల్లి చేప. ‘లోపలున్నది నీకెలా కనపడిందమ్మా?’ అని అడిగాను. ‘కనపడలేదండి. మింగేసింది కదా, లోపలుంటదిగా’ అంది. పక్కన కూర్చున్న కుర్రాడు తొంగిచూసి, ‘తప్పు వేసింది టీచర్’ అన్నాడు. ఆ పిల్ల వెంటనే కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పిల్లల బొమ్మలను చదివినవాళ్లు దీన్ని ఎక్స్‌రే బొమ్మ అంటారు. పసివాళ్లు కంటికి కనపడినదాన్నే కాదు, తమకు తెలిసినదాన్ని కూడా గీస్తారు. 1897లోనే వియన్నాలో ఫ్రాంజ్ సిజెక్ అనే చిత్రకారుడు పిల్లల కోసం బొమ్మల తరగతి తెరిచి, పెద్దల బొమ్మలను చూసి దించమనకుండా వాళ్ల బొమ్మలు వాళ్లను వేసుకోనిచ్చాడు. మనం ఇంకా ‘తప్పు’ దగ్గరే ఉన్నాం. ఆ పిల్ల చేపలో చేపను ఊహించింది. చెరువులో ఎవరిని ఎవరు తింటారో సైన్సు పుస్తకం చెప్పే పాఠం ఆమె క్రేయాన్‌తో చెప్పేసింది. అలాగని, బొమ్మలు వేస్తే సైన్సులో మార్కులు పెరుగుతాయన్న వాదనతో మాత్రం నేను రాను. మార్కుల కోసం నేర్పే కళ మార్కులు రాగానే అటకెక్కుతుంది. తాను చూసినదాన్ని తనదిగా చెప్పుకోగలగడమే పసివాడికి దక్కే లాభం. అంతకు మించిన లాభం నాకు అక్కర్లేదు.

చదువులో కళ కలవడం మన నేలకు కొత్త కాదు. వీధిబడుల కాలంలో దసరా వచ్చిందంటే పిల్లలు విల్లంబులు పట్టుకుని, పాటలు పాడుతూ పంతులుగారి వెంట ఇల్లిల్లూ తిరిగేవారు. అయ్యవారికి సంభావన, పిల్లలకు పప్పుబెల్లాలు. పాట, వేషం, రంగుకాగితాల పని, నలుగురిలో గొంతెత్తడం అన్నీ అందులోనే ఉండేవి. అప్పట్లో దాన్నెవరూ ‘యాక్టివిటీ’ అనలేదు. బడిలో అదీ భాగంగానే ఉండేది.

బడి బయటే కళను వెతుక్కున్నవాళ్లూ మనలో ఉన్నారు. ఏలూరు పక్కన సోమవరప్పాడులో 1908లో ఒక రైతుబిడ్డ పుట్టాడు. చదువు మీద కంటే ఊళ్లోకొచ్చే నాటకాల మీద, డప్పుల మోత మీద, డేరాలో ఆడే అరిగిపోయిన ఫిల్ముల మీద మనసు. ఇవాళైతే ఆ కుర్రాణ్ణి ఏ హాస్టల్లో వేసేవాళ్లమో ఆలోచించండి. అతడే ఎల్.వి. ప్రసాద్. బొంబాయి చేరి, 1931లో వచ్చిన ఆలం ఆరాలో, కాళిదాస్‌లో, మరుసటి ఏడు భక్త ప్రహ్లాదలో నటించాడు. అంటే హిందీ, తమిళ, తెలుగు తొలి టాకీలు మూడింటిలోనూ మన సోమవరప్పాడు కుర్రాడున్నాడు. తర్వాత దర్శకుడై మిస్సమ్మ తీసినవాడూ ఆయనే. 1982 సంవత్సరానికి ఫాల్కే పురస్కారం అందుకున్నాడు. తాడేపల్లిగూడెంలో స్థిరపడి అక్కడే సినిమా హాలు కట్టిన హాస్యనటుడు రేలంగి కూడా చిన్ననాడు నాటకాల పిచ్చితో ఎదిగినవాడే. 1970లో పద్మశ్రీ ఇంటికొచ్చింది.

వీళ్లు ఎవరూ చేయి పట్టకుండానే ఎదిగారు కదా అనవచ్చు. అందరికీ ఆ మొండితనం ఉండదు. చూసే కళ్లు ఒక జత దొరికితే ఏమవుతుందో గోదావరి గట్టు మీద రుజువైంది. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా బొమ్మలు వేసేవాడు. దామెర్ల రామారావు అనే కుర్రవాడి గీత చూసి ఆగాడు. ఆయన ప్రోత్సాహంతోనే దామెర్ల బొంబాయి జె.జె. స్కూల్‌కు వెళ్లాడు. 1925లో, 28 ఏళ్లు నిండకుండానే పోయాడు. అయినా ఆంధ్ర చిత్రకళ అంటే మొదట వినపడేది ఆ పేరే. భీమవరం ప్రాంతం నుంచి వెళ్లిన అడివి బాపిరాజు కూడా ఆ కూల్డ్రే శిష్యుడే. పిల్లల రాతల్ని, గీతల్ని అచ్చు వేయాలని న్యాయపతి రాఘవరావు 1945లో ‘బాల’ పత్రిక పెడితే, అందులో తొలి అడుగులు వేసిన పిల్లల్లో బాపు, ముళ్లపూడి వెంకటరమణ ఉన్నారు.

ఇప్పుడు మన ఊళ్ల సంగతి. 2015లో నిట్ వచ్చాక తాడేపల్లిగూడెంలో పిల్లవాడికి గమ్యం ఇంటి పక్కనే కనపడుతోంది. మంచిదే, ఇంజినీరు కావద్దని ఎవరన్నారు? కానీ ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సంటూ డ్రాయింగ్ పీరియడ్‌ను లెక్కల సారు తీసేసుకుంటున్నారు. టైమ్‌టేబుల్లో పేరుంటుంది, క్లాసుండదు. వేసవి వచ్చాక నెలరోజుల క్యాంపులో డాన్సు, కీబోర్డు, పెయింటింగ్ ఒకేసారి కుక్కి, ఆఖర్న సర్టిఫికెట్ ఇచ్చి పంపుతున్నారు.

చట్టం మాత్రం పిల్లల పక్షానే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న బడిలో నూరుమంది పిల్లలు దాటితే కళలకు, ఆరోగ్య వ్యాయామ విద్యకు, పని విద్యకు పార్ట్‌టైమ్ బోధకులుండాలి. పదో తరగతి దాకా కళను పాఠ్యాంశంగానే నేర్పాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది. 2020 విద్యావిధానం కూడా చదువు వేరు, కళ వేరు అనే గోడ వద్దంది.

ఇంట్లో చేయాల్సింది ఇంతకంటే తేలిక. నెలాఖరులో పాత కాగితాలవాడికి వేసే ముందు నోటుపుస్తకాల వెనక పేజీలు ఒకసారి తిప్పి చూడండి. బొమ్మ కనపడితే ‘ఇదేం కొంగరా’ అని నవ్వకండి. ‘ఇందులో ఏముందో చెప్పమ్మా’ అని అడిగి, చెప్పేదాకా వినండి. పక్కింటి పిల్లాడి బొమ్మ పక్కన పెట్టి చూడకండి. ఈ శీతాకాలంలో ఒక ఆదివారం ఆటపాక తీసుకెళ్లండి, చేతిలో ఫోను బదులు ఓ నోటుపుస్తకం, పెన్సిలు పెట్టండి.

బడిలో పేరెంట్స్ మీటింగు జరిగినప్పుడు, ర్యాంకు అడగడం అయ్యాక, ఇంకొక్క మాట అడగండి: మా పిల్లలకు డ్రాయింగ్ క్లాసు ఏ రోజండీ, చెప్పేది ఎవరు?