22 బస్తాలకు ఒక లెక్క, 44 బస్తాలకు ఇంకో లెక్క

పదేళ్లు దాటిన పికప్ వెనక చక్రం దగ్గర హోరు మొదలైందంటే జగ్గయ్యపేటలోనైనా నందిగామలోనైనా యజమాని నోట వచ్చే మొదటి మాట ఒకటే: "బండి పాతబడిపోయింది". ఆ మాటలో నిజం తక్కువ. బేరింగు వయసు ఏళ్లలో కొలిచేది కాదు. అది ఎన్ని చుట్లు తిరిగింది, ఆ చుట్లన్నీ ఎంత బరువు కింద తిరిగింది అన్నవే కొలతలు. షెడ్డులో ఐదేళ్లు నిలబెట్టిన బండి బేరింగు నూనె ఉన్నంతకాలం బాగానే ఉండొచ్చు. కొని ఏడాది తిరగని బండిది పోవచ్చు.

ముందు చుట్ల సంగతి. బొలేరో బండ్లలో కనిపించే 215/75, 15 అంగుళాల టైరు ఒక్కసారి తిరిగితే బండి సుమారు 2.21 మీటర్లు కదులుతుంది. అంటే కిలోమీటరుకు దాదాపు 450 చుట్లు. హైవే మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే నిమిషానికీ అంతే, 450 చుట్లు. ఈ లెక్కన కోటి చుట్లంటే 22 వేల కిలోమీటర్ల పైచిలుకు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఇక బేరింగు మీద చెక్కి ఉండే నంబరు. విజయవాడ ఆటోనగర్‌లో కౌంటర్ ముందు నిలబడి "ఫలానా బండికి వెనక బేరింగు" అని అడిగేకన్నా పాత బేరింగు తుడిచి నంబరు చదివి అడగడం మేలు. పాత బండికి మునుపు ఎవరో ఇరుసు మార్చి ఉండొచ్చు, హౌసింగ్ ఇంకో మోడల్‌ది తెచ్చి బిగించి ఉండొచ్చు. నంబరు మాత్రం అబద్ధం చెప్పదు. ఉదాహరణకు 6308 తీసుకోండి. మొదటి 6 అంటే ఒక వరుస గుండ్లున్న బాల్ బేరింగు. తర్వాతి 3 దాని మందం, వెడల్పుల తరగతి. చివరి రెండంకెలు 08ని 5తో హెచ్చిస్తే 40. అదే లోపలి రంధ్రం, 40 మిల్లీమీటర్లు. బయటి వ్యాసం 90, వెడల్పు 23. అదే 6208 అయితే లోపల అదే 40, బయట మాత్రం 80, వెడల్పు 18. 6008 అయితే 68, 15. మూడూ ఒకే షాఫ్టు మీదికి ఎక్కుతాయి, మోసే బరువులో మాత్రం పొంతన ఉండదు. 3తో మొదలయ్యే ఐదంకెల నంబరు, 30208 లాంటిది, ఏటవాలు రోలర్లున్న టేపర్ బేరింగు. దాని లోపలి రంధ్రమూ 40 మిల్లీమీటర్లే. చివరి రెండంకెలు 04 నుంచి పైకి ఈ ఐదో ఎక్కం పనిచేస్తుంది. 00 నుంచి 03 దాకా మాత్రం 10, 12, 15, 17 అని విడిగా గుర్తుంచుకోవాలి.

నంబరు వెనక ఉండే తోకను చాలామంది పట్టించుకోరు. సీ3 అని ఉంటే లోపల గుండ్లకు ఇచ్చిన ఖాళీ మామూలుకన్నా ఎక్కువ. 40 మిల్లీమీటర్ల బేరింగులో మామూలు ఖాళీ 6 నుంచి 20 మైక్రాన్లు, సీ3లో 15 నుంచి 33. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. షాఫ్టు మీద బిగుతుగా ఎక్కించినప్పుడు లోపలి రింగు కొద్దిగా సాగుతుంది, బండి నడిచి వేడెక్కితే ఇంకొంచెం సాగుతుంది. ఆ మేరకు లోపలి ఖాళీ తగ్గిపోతుంది. సీ3 ఉండాల్సిన చోట మామూలుది బిగిస్తే గుండ్లు నలిగి నూనె కూడా నిలవని పరిస్థితి వస్తుంది. "సైజు ఒకటేగా, ఏదైతేనేం" అనే షాపువాడి మాట వినకండి.

అసలు కథ బరువు దగ్గర ఉంది. 1947లో స్వీడన్‌కు చెందిన లుండ్‌బర్గ్, పామ్‌గ్రెన్ అనే ఇద్దరు బేరింగు ఆయుష్షుకు ఒక సూత్రం కట్టారు. ఈనాటి ఐఎస్‌ఓ ప్రమాణం దాని మీదే నిలబడి ఉంది. బేరింగుకు కంపెనీ చెప్పే సామర్థ్యాన్ని దాని మీద పడే బరువుతో భాగించి, వచ్చిన అంకెను ఘనం చేస్తే, అంటే అదే అంకెను మూడుసార్లు వేసి హెచ్చిస్తే, ఎన్ని పది లక్షల చుట్లు తిరుగుతుందో తెలుస్తుంది. రోలర్ బేరింగు అయితే మూడుసార్లకు బదులు మూడుంపావు కన్నా కొంచెం ఎక్కువ. ఇలా వచ్చే అంకె హామీ కాదు. వంద బేరింగుల్లో తొంభై ఆ దూరం దాటతాయి, పది అంతకుముందే పోతాయి అని దాని అర్థం.

దీన్ని మన సిమెంటు బస్తాల్లోకి మారుద్దాం. జగ్గయ్యపేట చుట్టూ జయంతిపురం, ముక్త్యాల ఫ్యాక్టరీలున్నాయి కాబట్టి 50 కిలోల బస్తా ఇక్కడ అందరికీ తెలిసిన తూకమే. ఒక ఊహా బండి అనుకుందాం. ఖాళీగా ఉన్నప్పుడు వెనక ఒక్కో చక్రం మీద 350 కిలోలు పడుతుంది. ట్రాలీలో వేసిన బరువంతా వెనక ఇరుసు మీదే, రెండు చక్రాలకూ చెరిసగం పడుతుంది. 6308 సామర్థ్యం సుమారు 4,300 కిలోలు.

22 బస్తాలు వేశారు. 1,100 కిలోలు. ఒక్కో చక్రం మీద 900. సూత్రం ప్రకారం 10 కోట్ల 90 లక్షల చుట్లు, అంటే సుమారు 2 లక్షల 40 వేల కిలోమీటర్లు.

33 బస్తాలు వేశారు. చక్రం మీద 1,175 కిలోలు. ఆయుష్షు 1 లక్షా 8 వేల కిలోమీటర్లకు పడిపోయింది.

44 బస్తాలు. చక్రం మీద 1,450. ఇక 57 వేల కిలోమీటర్లే.

సరుకు రెట్టింపు చేస్తే బేరింగు బతుకు సగం కాలేదు, నాలుగో వంతు కూడా మిగల్లేదు. వెళ్లేటప్పుడు లోడు, వచ్చేటప్పుడు ఖాళీ అయితే ఈ దూరాలు దాదాపు రెట్టింపవుతాయి. ఎందుకంటే ఖాళీ బండి బేరింగుకు బరువే కాదు: ఇదే సూత్రంలో 350 కిలోలు వేసి చూస్తే 40 లక్షల కిలోమీటర్లు వస్తుంది. పాత బండి బేరింగును తినేది లోడుతో తిరిగిన కిలోమీటర్లే. పత్తి లోడు చూడ్డానికి కొండంత కనిపిస్తుంది గానీ బరువు తక్కువ. బేరింగు ప్రాణం తీసేది సిమెంటు, కంకర, ఇనుము. మిర్చి టిక్కీలు గుంటూరు యార్డుకు ఎక్కించేటప్పుడు లెక్క చూసుకునేది తక్కువే గనక దాన్నీ ఈ జాబితాలో కలపొచ్చు.

ఇదంతా శుభ్రమైన నూనెలో, సరిగా బిగించిన బేరింగు సంగతి. నిజానికి చాలా బేరింగులు ఈ లెక్క పూర్తయ్యేదాకా బతకవు. బేరింగుల కంపెనీ ఎస్‌కేఎఫ్ ఏళ్లుగా చెబుతున్న లెక్క ప్రకారం, ముందే చచ్చిపోయే బేరింగుల్లో 36 శాతానికి కారణం గ్రీజు, నూనె సరిగా లేకపోవడం. 34 శాతం అలసట. 16 శాతం బిగింపు తప్పులు, 14 శాతం దుమ్ము, నీరు.

నీటి గురించి మన ప్రాంతంవాళ్లకు వేరే చెప్పాలా? 2023 జులై ఆఖరులో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరంలో జాతీయ రహదారి మీదికే వచ్చింది. 2024 సెప్టెంబరు మొదట్లో అక్కడే మళ్లీ నీళ్లు నిలిచాయి, జగ్గయ్యపేట వైపు గరికపాడు దగ్గర పాలేరు వంతెన దెబ్బతింది. రెండుసార్లూ హైదరాబాదు, విజయవాడల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. అప్పుడు నీళ్లలోంచి బయటపడ్డ బండి ఇంటికొచ్చాక కడిగి, బ్రేకులు ఆరబెట్టి ఊరుకున్నవాళ్లే ఎక్కువ. లోపల జరిగింది ఇది. లోడుతో నడిచిన బండి వెనక హౌసింగ్ 80 డిగ్రీల దాకా వేడెక్కి ఉంటుంది. అది 25 డిగ్రీల వరద నీటిలో దిగితే లోపలి గాలి ఆరో వంతు దాకా కుంచించుకుపోతుంది. హౌసింగ్ మీద ఉండే చిన్న బ్రీదర్ మట్టి పట్టి మూసుకుపోయి ఉంటే, ఆ లోటును పూడ్చుకోవడానికి ఆయిల్ సీలు సందులోంచి నీటిని పీల్చుకుంటుంది.

ఎంత నీరు చేటు? 1977లో ప్రచురితమైన ఒక పరిశోధన టేపర్ బేరింగుల మీద ఇదే చూసింది. నూనెలో పది లక్షల పాళ్లకు 100 పాళ్లు నీరున్నప్పటి ఆయుష్షును ఒకటి అనుకుంటే, 400 పాళ్లకు చేరేసరికి అది 0.43కు దిగిపోయింది. హౌసింగ్‌లో రెండు లీటర్ల గేర్ ఆయిల్ ఉందనుకుంటే 400 పాళ్లంటే ఒక మిల్లీలీటరు కూడా కాదు. డ్రెయిన్ ప్లగ్ విప్పినప్పుడు నూనె పాలు పోసిన టీ రంగులో వస్తే ఆ హద్దు ఎప్పుడో దాటిపోయిందని అర్థం.

ఇప్పుడు హోరు ఎక్కడిదో తేల్చుకోవాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక రకంగా, వదిలినప్పుడు ఇంకో రకంగా మారే శబ్దం సాధారణంగా పినియన్, క్రౌన్ల వైపుది. యాక్సిలరేటర్‌తో సంబంధం లేకుండా వేగంతోపాటే పెరిగే శబ్దం చక్రం బేరింగుది. బండిని ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రం మీదికి ఒరుగుతుంది. అప్పుడు హోరు పెరిగితే దోషం కుడివైపుది. జాకీ ఎక్కించి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే లూజు చేతికే తెలుస్తుంది. బ్రేకు డ్రమ్ము లోపల గేర్ ఆయిల్ చెమ్మ కనిపిస్తే సీలు పోయినట్టే, ఆ పక్క బ్రేకు కూడా లేనట్టే.

హోరును ఓర్చుకుని నెలల తరబడి తిప్పేవాళ్లున్నారు. లారీల్లో బరువును హౌసింగ్ గొట్టం మోస్తుంది, షాఫ్టు తిప్పడం వరకే. చిన్న పికప్‌లలో ఎక్కువగా ఉండే సెమీ ఫ్లోటింగ్ ఇరుసులో షాఫ్టే చక్రాన్ని మోస్తుంది, తిప్పుతుంది కూడా. చాలా బండ్లలో దాన్ని పట్టి ఉంచేది బేరింగు, దాని పక్కన బిగుతుగా ఎక్కించిన ఒక ఉక్కు కాలరు. అవి రెండూ వదిలేస్తే షాఫ్టుతో సహా చక్రం బయటికి వచ్చేస్తుంది. లోడు బండి 60లో పోతుండగా ఇది జరిగితే ఏమవుతుందో రాయనక్కర్లేదు.

మార్పిడిలో కష్టం విప్పడంలో లేదు, ఎక్కించడంలో ఉంది. డ్రమ్ము తీసి, బ్యాకింగ్ ప్లేటు వెనక నాలుగు నట్లు విప్పి షాఫ్టు లాగేస్తారు. పాత కాలరును గ్రైండర్‌తో సగం లోతు కోసి ఉలితో ఒక్క దెబ్బ వేస్తే పగిలి ఊడుతుంది. ఇక్కడే షాఫ్టు మీద గాటు పడకూడదు, గ్యాస్ మంట తగలకూడదు. మంట తగిలిన ఉక్కు గట్టిదనం కోల్పోతుంది, గాటు పడ్డ చోట ఏదో ఒక రోజు విరుగుతుంది. కొత్త బేరింగును ప్రెస్సు మీద ఎక్కించాలి, ఒత్తిడి లోపలి రింగు మీదే పడాలి. ప్రెస్సు లేని చోట బయటి రింగు మీద సుత్తితో కొట్టి ఎక్కిస్తే ఆ దెబ్బలన్నీ గుండ్ల గుండా గాడిలోకి దిగుతాయి. అలా ఎక్కించి కొద్ది నెలలకే పోయిన 6308ని కోసి చూస్తే లోపలి గాడిలో సమాన దూరంలో గుంటలు గోటికి తగులుతాయి. గుండ్లు ఎనిమిది, గుంటలూ ఎనిమిదే. ఆ బేరింగు రోడ్డెక్కకముందే చచ్చింది, కిలోమీటర్ల మీద నింద వేసి లాభం లేదు.

ప్రెస్సు దొరక్కపోతే వేడి చేయడం మంచి దారి. 40 మిల్లీమీటర్ల లోపలి రింగు 80 డిగ్రీలు వేడెక్కితే 38 మైక్రాన్లు సాగుతుంది. షాఫ్టు బిగుతు కోసం ఇచ్చే లావు మహా అయితే 32 మైక్రాన్లు. కాబట్టి గది వేడి నుంచి 110 డిగ్రీల దాకా నూనె తొట్టిలో వేడి చేసిన బేరింగు చేత్తో తోస్తే జారుతుంది. 125 డిగ్రీలు దాటనివ్వొద్దు. రబ్బరు సీళ్లున్న బేరింగుకు ఈ పద్ధతి పనికిరాదు, 80 డిగ్రీలకే దాని సీలూ గ్రీజూ పాడవడం మొదలవుతుంది. గ్రీజు పెట్టే బేరింగు అయితే లోపలి ఖాళీలో మూడో వంతు నుంచి సగం వరకే నింపాలి. నిండా కూరితే గ్రీజే వేడెక్కి కారిపోతుంది. పాత కాలరును ఒక్కసారి ఊడదీశాక మళ్లీ వాడొద్దు, దాని పట్టు పోయి ఉంటుంది. సీలు కూడా కొత్తదే వేయాలి. దాని ఖరీదు బేరింగు ముందు లెక్కలోకి రాదు.

ఒక పక్క పోతే రెండో పక్కా మార్చాలా అని అడుగుతారు. నా అభిప్రాయం ఇది. బరువుతోనో బిగింపు తప్పుతోనో పోతే ఒక పక్క చాలు. నీటితో పోతే రెండూ మార్చాల్సిందే, నూనె రెండు పక్కలకీ ఒకటే.

చట్టం అంకెలు కూడా చూడండి. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద అధిక లోడుకు జరిమానా 20 వేల రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2 వేలు, సరుకు దించిన ఖర్చు అదనం. అంతకుముందు ఇది 2 వేలు, టన్నుకు వెయ్యి ఉండేది. సరుకు బాడీ దాటి పక్కలకు పొడుచుకొచ్చినా విడిగా 20 వేలు. ఎనిమిదేళ్లలోపు రవాణా బండికి రెండేళ్లకోసారి ఫిట్‌నెస్, ఆ తర్వాత ఏటేటా.

వానలు వెలిశాక, మిర్చి, పత్తి లోడ్లు మొదలయ్యే ముందు, మీ బండి ఈ ఏడాది ఏ వాగులోనైనా చక్రం సగం మునిగేలా దిగి ఉంటే డ్రెయిన్ ప్లగ్ ఒక్కటి విప్పించి నూనె రంగు చూడండి, బ్రీదర్ శుభ్రం చేయించండి. అది పావుగంట పని.